కోరిక తగ్గిందని వెళ్తే ముందు తలుపు గడియ బాగు చేయించుకోమన్నారు: హైదరాబాదులో ఒక దాంపత్య కౌన్సెలింగ్ సేవపై సమీక్ష

హైదరాబాదులో ఒక క్లినికల్ సైకాలజిస్టు నడుపుతున్న దాంపత్య కౌన్సెలింగ్ కేంద్రానికి మావారూ నేనూ కలిసి కొన్ని నెలల పాటు వెళ్లాము. మెచ్చుకోదగినవాటితో పాటు లోపాలు కూడా రాయదలచుకున్నాను కనుక కేంద్రం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇలాంటి చోటికి వెళ్లాలా వద్దా అని తటపటాయించేవారికి పేరు కంటే, లోపలికి వెళ్లాక ఏమడుగుతారు, ఏం చేయిస్తారు, ఇచ్చిన డబ్బుకు ఏం దక్కుతుంది అన్న వివరాలే ఎక్కువగా పనికొస్తాయని నా నమ్మకం.

మా సమస్య చాలా ఇళ్లలో ఉండేదే. పెళ్లయి పదేళ్లు దాటింది, ఇద్దరు పిల్లలు, అత్తమామలు మాతోనే ఉంటారు. మావారి మీద ప్రేమా తగ్గలేదు, గౌరవమూ తగ్గలేదు, కానీ పడకగది విషయానికి వచ్చేసరికి నాకు కోరిక కలగడమే మానేసింది. ఆయన దగ్గరికి రావడం, నేను ఏదో ఒక సాకు చెప్పడం, ఆ తర్వాత రెండు రోజులు ఇద్దరం ముభావంగా తిరగడం మా ఇంటి వాడుకైపోయింది. లోపం నాలోనే ఉందని నేనూ, తనంటే నాకు ఇష్టం పోయిందని ఆయనా ఎవరికి వారే తీర్మానించుకుని ఉన్న సమయంలో, మా గైనకాలజిస్టు సూచన మీద ఈ కేంద్రానికి ఫోను చేశాము.

ఈ రంగంలో సరైన మనిషిని ఎంచుకోవడం అంత తేలిక కాదు. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామంటూ మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించినా, బస్టాండు గోడల మీదా రైలు కట్టల పక్క ప్రహరీల మీదా అటువంటి ప్రకటనలు సున్నం వేసిన మర్నాడే మళ్లీ ప్రత్యక్షమవుతూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు మగవారి బలహీనత గురించే ఉంటాయి. భార్యకు కోరిక కలగకపోతే ఎవరిని అడగాలో చెప్పే గోడ నాకింతవరకు కనబడలేదు. మేము చేసిన మంచి పని ఏమిటంటే, డబ్బు కట్టకముందే ఆ కేంద్రం నడిపే ఆవిడ పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో ఉందో లేదో చూసుకోవడం. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే ఆ సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి ఈ తేడా తెలిసి ఉండటం అవసరం.

మొదటి సెషన్‌లో ఆవిడ మనసు గురించి కాక ఒంటి గురించే ఎక్కువసేపు అడిగారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, ప్రొలాక్టిన్ పరీక్షలు ఈ మధ్య చేయించుకున్నామా, ఎవరైనా డిప్రెషన్ మాత్రలు వాడుతున్నామా, మావారు వేసుకునే బీపీ మాత్ర ఏమిటి, కలయికలో నొప్పి ఉంటోందా అని వరుసగా రాసుకున్నారు. కొన్ని డిప్రెషన్ మందులు కోరికను మందగింపజేస్తాయనీ, నొప్పి ఉంటే ముందు దానికి వైద్యం జరగాలనీ, అవి తేలకుండా కబుర్లతో కాలక్షేపం చేయడం మోసమవుతుందనీ ఆవిడ అన్నారు. రిపోర్టులు వచ్చేదాకా రెండో సెషన్ ఇవ్వలేదు. డబ్బు వచ్చే అవకాశాన్ని వాయిదా వేసుకున్న ఈ ఒక్క నిర్ణయంతోనే నాకు సగం నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత మమ్మల్ని విడివిడిగా పిలిచారు. నన్ను అడిగిన ప్రశ్నల్లో మొదటిది, "మీరు వద్దంటే ఏమవుతుంది?" అని. కొడతారా, అరుస్తారా, ఖర్చులకు డబ్బివ్వడం మానేస్తారా, పిల్లల మీద కోపం చూపిస్తారా అని ఒక్కొక్కటీ విడమరిచి అడిగారు. మా ఇంట్లో అలాంటివేమీ లేవు. ఆయన అలుగుతారు, అంతే. అయినా ఆ ప్రశ్నలు ఎందుకు అడిగారో తర్వాత వివరించారు. భర్తంటే భయం ఉన్న ఇంట్లో దంపతులకు కలిపి అభ్యాసాలు ఇస్తే అవి భార్య మీద మరో ఒత్తిడిగా మారతాయి. అటువంటప్పుడు కోరికను పెంచే ప్రయత్నం పక్కనబెట్టి ముందు ఆమె రక్షణ చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇష్టం లేనప్పుడు భర్తకు వద్దని చెప్పగలమని 82 శాతం మంది స్త్రీలు అన్నారు. మిగిలినవారిలో ఎవరైనా ఇలాంటి కేంద్రానికి భర్త వెంట వస్తే, ఆయన పక్కనుండగా నిజం చెప్పగలరా? దంపతులను విడిగా కూర్చోబెట్టి మాట్లాడని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లవద్దనే నేను సలహా ఇస్తాను.

అసలు పని మూడో సెషన్‌లో మొదలైంది. ఆవిడ ఒక తెల్ల కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమ వైపు యాక్సిలరేటర్ అనీ, కుడి వైపు బ్రేకు అనీ రాశారు. లైంగికత మీద పరిశోధన చేసే అమెరికాలోని కిన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ బాన్‌క్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ అనే పరిశోధకులు రూపొందించిన సిద్ధాంతం ప్రకారం లైంగిక స్పందనను నడిపే వ్యవస్థలు మెదడులో రెండు ఉంటాయి: ఒకటి ఉత్తేజపరిచేది, మరొకటి ఆపేది. రెండూ విడివిడిగా పని చేస్తాయి, ఏది ఎంత సున్నితంగా ఉంటుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. బ్రేకు గట్టిగా తొక్కి ఉంచినంతసేపు యాక్సిలరేటర్ ఎంత నొక్కినా బండి కదలదు. కొత్త చీర కొనడం, ఊటీకి తీసుకువెళ్లడం, సినిమా చూడటం వంటివాటితో మావారు ఇన్నేళ్లుగా నొక్కుతున్నది యాక్సిలరేటర్‌నే. నా కాళ్ల కింద బ్రేకు ఉందన్న ఊహ ఆయనకూ లేదు, నాకూ లేదు.

కుడి వైపు నిండడానికి ఎంతోసేపు పట్టలేదు. మా పడకగదికీ అత్తమామల గదికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడే, మామయ్యగారు దగ్గితే మా గదిలో వినిపిస్తుంది. చిన్నవాడు మా మధ్యే పడుకుంటాడు. తలుపు గడియ వర్షాకాలంలో చెక్క ఉబ్బినప్పటి నుంచి సరిగా పడదు, గట్టిగా నెట్టితే ఊడి వచ్చేస్తుంది. మావారికి అమెరికా వాళ్లతో రాత్రి పది గంటలకు మీటింగు, అది ముగించుకుని గదిలోకి వచ్చేటప్పటికి ఆయన తల నిండా ఆఫీసు, నా తల నిండా మర్నాడు పొద్దున కట్టాల్సిన నాలుగు క్యారియర్లు. ఇవన్నీ రాశాక ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆగారు. అప్పుడు నేను మరొకటి చెప్పాను. రెండో కాన్పు తర్వాత ఒక పెళ్లిలో, బంధువులందరి ముందూ, "మా ఆవిడ ఇప్పుడు రెండు సీట్లకు టికెట్ తీసుకోవాలి" అని ఆయన నవ్వించారు. ఆయనకు ఆ మాట గుర్తు కూడా లేదు. ఆయన ముందు దీపం ఆర్పకుండా చీర మార్చుకోవడం నేను ఆ పెళ్లి నుంచే మానేశాను.

మావారి కాగితం నేననుకున్నట్టు లేదు. కుడి వైపు ఒకే ఒక్క వాక్యం రాశారు: నేను దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు వినబడుతుందేమోనన్న భయంతో ఈ మధ్య తానే దగ్గరికి రావడం తగ్గించేశానని ఆయన చెబుతుంటే నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. మగవారికి కోరిక ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుందని పెద్దవాళ్లూ సినిమాలూ మనకు నూరిపోసిన మాటను ఆయన కూడా నమ్మి, తనకు భయం కలగడమే ఒక అవమానంగా భావించి, దాన్ని కోపం రూపంలో బయటపెడుతూ వచ్చారు. మగవారి బ్రేకుల గురించి ఈ కేంద్రంలో ఇంకొంచెం ఎక్కువసేపు మాట్లాడి ఉంటే బాగుండేది. ఆవిడ నా కాగితానికి ఇచ్చిన సమయంలో సగం కూడా ఆయన కాగితానికి ఇవ్వలేదు.

ఆ వారానికి ఇంట్లో చేయవలసిన పనిగా ఆవిడ చెప్పింది వినగానే మావారు నవ్వారు: వడ్రంగిని పిలిచి తలుపు గడియ బాగు చేయించండి, చిన్నవాడికి అన్నయ్య గదిలో పడక అలవాటు చేయండి, ప్రస్తుతానికి ఇంకేమీ చేయవద్దు. ఇన్ని డబ్బులు కట్టింది వడ్రంగి చిరునామా కోసమా అని దారిలో ఆయన అన్నారు కూడా. వడ్రంగి వచ్చి తలుపు అంచును రంద పట్టి, పాత గడియ తీసేసి గట్టి ఇత్తడి గడియ బిగించి వెళ్లాడు. ఆ రాత్రే ఏదో అద్భుతం జరిగిందని చెప్పడం లేదు. అయితే ఎవరో వస్తారేమోనని చెవులు తలుపు వైపు పెట్టుకుని పడుకోవడం నాకు తెలియకుండానే మానేశాను. అంతకుముందు అలా పడుకునేదాన్నన్న సంగతి కూడా మానేశాకే తెలిసింది.

దీని వెనక ఉన్న శాస్త్రాన్ని ఆవిడ ఓపికగా చెప్పారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ బృందం 2008లో ప్రచురించిన ఎలుకల ప్రయోగం నాకు బాగా గుర్తుండిపోయింది. మెదడులో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చిన్న భాగం ఉంటుంది. అందులో ఒక వైపు బిందువులలో మందు ఎక్కిస్తే ఎలుక తిండి వైపు వెళ్తుంది, మరో వైపు బిందువులలో ఎక్కిస్తే భయంతో వెనక్కి తగ్గుతుంది. అయితే ఎలుకను దానికి అలవాటైన చీకటి, నిశ్శబ్దం ఉన్న చోట ఉంచినప్పుడు ఇష్టం పుట్టించే ప్రాంతం విస్తరించింది; కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాల కింద, చెవులు పగిలే రాక్ సంగీతం మధ్య ఉంచినప్పుడు భయం పుట్టించే ప్రాంతం విస్తరించింది. ఎక్కించిన మందు ఒకటే, చుట్టూ ఉన్న వాతావరణాన్ని బట్టి ఫలితం తారుమారైంది. ఎలుకల సంగతి మనుషులకు యథాతథంగా వర్తించదని ఆవిడే హెచ్చరించారు. అయినా శెలవుల్లో మేమిద్దరమే ఉన్నప్పుడు హాయిగా అనిపించిన అదే చేతి స్పర్శ, వంటింట్లో స్టవ్ మీద పాలు పొంగుతున్నప్పుడు ఎందుకు చిరాకు పుట్టిస్తుందో ఈ ప్రయోగం విన్నాక నాకు అర్థమైంది. స్పర్శలో మార్పేమీ లేదు, అది తగిలిన సమయమే వేరు.

నాకు ఎక్కువ ఊరటనిచ్చిన విషయం మరొకటుంది. కోరిక ముందు పుట్టాలి, ఆ తర్వాత ఉద్రేకం, ఆ తర్వాత తృప్తి అన్న వరుసే సహజమని చాలాకాలం వైద్యులు కూడా భావించారు. కెనడాకు చెందిన రోజ్‌మేరీ బాసన్ అనే వైద్యురాలు 2000లో వేరే నమూనా ప్రతిపాదించారు. దీర్ఘకాలంగా కలిసి ఉంటున్న చాలామంది స్త్రీలలో కోరిక ముందుగా తలెత్తకపోవచ్చు; దగ్గరితనం కావాలనిపించి, మనసు కుదుటగా ఉన్నప్పుడు, ఇష్టపూర్వకంగా మొదలుపెట్టిన స్పర్శకు స్పందనగా కోరిక తర్వాత రావచ్చు. అలా రావడం రోగమేమీ కాదు. ఉన్నట్టుండి పుట్టే కోరిక నాలో లేదు కాబట్టి నేను చల్లబడిపోయానని ఇన్నేళ్లు అనుకున్న నాకు ఈ వివరణ విన్న రోజు ఇంటికి వచ్చే దారంతా తేలికగా అనిపించింది. అయితే దీన్ని అపార్థం చేసుకునే అవకాశమూ లేకపోలేదు. మొదలుపెడితే తర్వాత అదే ఇష్టం పుడుతుందని భార్యను బలవంతపెట్టే భర్తలకు ఇది సాకు కాకూడదని ఆవిడ మావారి వైపు చూసి మరీ చెప్పారు. మొదలుపెట్టడానికే మనసు ఒప్పుకోవాలి, మధ్యలో ఆపేయమనే హక్కు ఉండాలి. శరీరం స్పందించినంత మాత్రాన మనిషి ఒప్పుకున్నట్టు కాదనడానికి కూడా ఆధారం చూపించారు: మెరెడిత్ చివర్స్ అనే పరిశోధకురాలి బృందం 132 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శరీరంలో కనిపించే స్పందనకూ మనిషి తనకు కలిగిందని చెప్పే ఉద్రేకానికీ పొంతన పురుషులలో ఎక్కువ, స్త్రీలలో చాలా తక్కువ. ఈ విషయం పెళ్లికి ముందే ప్రతి అబ్బాయికీ చెప్పాలి.

పెళ్లిలో అన్న ఆ మాట మీద ఒక సెషన్ మొత్తం గడిచింది. అది సరదాకు అన్నదని మావారు సమర్థించుకోబోతే ఆవిడ ఆపి, "సరదాగా అన్నారా లేదా అని నేను అడగలేదండీ, అది విన్న తర్వాత ఆమె ఏం మానేశారో చెప్పమంటున్నాను" అన్నారు. ఆయన చాలాసేపు ఆలోచించి, నేను దీపం ఆర్పేయడం గురించి తానే చెప్పారు. అంటే గమనించారు, అర్థం చేసుకోలేదు. అక్కడికక్కడే క్షమాపణ చెప్పించి ముగించి ఉంటే నాటకంలా ఉండేది. ఆవిడ అలా చేయకుండా, నలుగురిలో ఉన్నప్పుడు నా శరీరం గురించి ఎవరు వ్యాఖ్యానించినా ఆయన ఏమనాలో ఇద్దరితో కలిపి మాటలు కూర్పించారు. తర్వాత ఒక గృహప్రవేశంలో మా ఆడపడుచు అలాంటి మాటే అంటే, "అక్కా, ఆ మాట నాకు నచ్చలేదు" అని ఆయన అక్కడే అనేశారు. భావోద్వేగ భద్రత అని పుస్తకాల్లో రాసేదానికి అర్థం నాకు ఆ వాక్యంలో దొరికింది.

ఆ తర్వాతి దశలో ఇచ్చిన అభ్యాసం మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు 1970లో ప్రచురించిన చికిత్స పద్ధతి నుంచి వచ్చింది. కొన్ని వారాల పాటు కలయిక పూర్తిగా నిషేధం. రోజూ కాసేపు, ఒకరి తర్వాత ఒకరు, ఏ లక్ష్యమూ లేకుండా ఒకరినొకరు తాకడం, ఎలా ఉందో మాటల్లో చెప్పడం, అంతే. నిషేధం ఉందని తెలియడం వల్ల, ఇది ఎక్కడికి దారితీస్తుందో అన్న జంకు నాకు పోయింది, కాదంటుందేమోనన్న భయం ఆయనకు పోయింది. ఇక్కడే ఈ కేంద్రం మీద నా పెద్ద ఫిర్యాదు కూడా ఉంది. ఈ అభ్యాసాన్ని తయారుచేసినవారి ఊహలో ఉన్నది తమకంటూ ఒక గది, ఒక గంట తీరిక ఉన్న జంట. మా ఇంట్లో సాయంత్రం గది తలుపు వేసుకుంటే అరగంటకల్లా "ఒంట్లో బాగాలేదా?" అని అత్తయ్యగారు తలుపు తడతారు. ఆవిడ దురుద్దేశంతో అనరు. ఉమ్మడి ఇంట్లో తలుపు వేసుకోవడమంటే ఎవరికో జ్వరం వచ్చినట్టే లెక్క. ఈ సంగతి చెబితే కౌన్సెలర్ వారాంతంలో హోటల్ గది తీసుకోమన్నారు. అది డబ్బున్నవారికి చెప్పవలసిన సలహా. చివరకు మేమే, అత్తమామలు గుడికి వెళ్లే శనివారం పొద్దున్నే ఆ సమయంగా పెట్టుకున్నాము. రెండు గదుల ఇంట్లో నలుగురు పెద్దలున్న జంటలకు ఏం చెప్పాలో ఈ రంగంలోని వారు ఇంకా ఆలోచించుకోవాలి.

మిగిలిన లోపాలు చిన్నవే అయినా చెప్పాలి. వెయిటింగ్ గదిలో కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి, రిసెప్షన్‌లో అమ్మాయి పేషెంట్ల పూర్తి పేర్లు పెద్దగా పిలుస్తుంది. గోప్యత గురించి అంతగా మాట్లాడే చోట ఇది కనీసం టోకెన్ నంబరుతో సరిపోయే పని. మొదట పూరించవలసిన ప్రశ్నావళి నాలుగు పేజీలూ ఇంగ్లీషులో ఉంది. నేను లెక్చరర్‌ను కాబట్టి నింపగలిగాను, మా పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం తన భర్త చేత రాయించుకుంటున్నారు. భర్త చేతిరాతతో నిండిన కాగితంలో ఆ ఇల్లాలి మనసు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. కౌన్సెలర్ తెలుగు చక్కగానే మాట్లాడతారు, కానీ సున్నితమైన చోట్ల ఇంగ్లీషు మాటల్లోకి జారుకుంటారు.

ఖర్చు సంగతి. 50 నిమిషాల సెషన్‌కు 2,500 రూపాయలు తీసుకుంటారు. మానసిక అనారోగ్యానికీ శారీరక అనారోగ్యానికీ బీమాలో తేడా చూపరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నా, మా పాలసీ ఆస్పత్రిలో చేరని వైద్యానికి దేనికీ డబ్బు ఇవ్వదు కాబట్టి అంతా చేతి నుంచే పెట్టుకున్నాము. ఒక రోజు ముందు చెప్పకుండా మానేస్తే సగం ఫీజు పోతుంది.

మార్పు ఎంత వచ్చిందని అడిగితే, నెలకు ఎన్నిసార్లు అన్న లెక్కలో పెద్దగా రాలేదు. నిట్టూర్పూ అలకా మాత్రం పోయాయి. ఈ రోజు వద్దు అని నేను మామూలు గొంతుతో చెప్పగలుగుతున్నాను, ఆయన సరే అని పక్కనే కూర్చుని కబుర్లు చెబుతారు. కొన్నిసార్లు నేనే ముందుగా దగ్గరికి వెళ్తున్నాను. వారం వారం ఫలితం లెక్క చూసుకునేవారికి ఈ సేవ విసుగు పుట్టిస్తుంది. అంగస్తంభన సమస్య ప్రధానంగా ఉన్నవారు ముందు యూరాలజిస్టును చూడటమే మంచిది. 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటి మందులు రక్తప్రసరణ మీద పని చేస్తాయి, కోరిక మీద కాదు, ఆ తేడా వైద్యుడే చెప్పగలడు. ఇంట్లో భయం ఉన్నవారు దంపతుల సెషన్ అడగకుండా విడిగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

దూరంగా ఉండేవారికి ఆన్‌లైన్ సెషన్లు కూడా ఉన్నాయి, ఫీజు అంతే. మావారు ఊళ్లో లేనప్పుడు ఒకసారి తీసుకున్నాము. ఇంట్లో మాట్లాడే వీలు లేక నేను సెల్లారులో కారులో కూర్చుని మాట్లాడాను, సిగ్నల్ రెండుసార్లు పోయింది. అపార్ట్‌మెంట్లో ఉండేవారు ఆన్‌లైన్ ఎంచుకునేముందు ఆ గంటసేపు ఎక్కడ కూర్చుంటారో చూసుకుని ఎంచుకోవాలి.